సముద్రం పక్కన ఆఫీసు పని: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈ వారం వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు ఒకే విషయం మీద ఉన్నాయి. ఇంటికి వచ్చేసి లాప్‌టాప్ మీద ఉద్యోగం చేసుకుంటున్నవాళ్లు, వాళ్లకి టేబుల్ ఇస్తున్నవాళ్లు రాసినవి. మిగతా ప్రశ్నలు వచ్చే వారానికి ఉంచి వీటికే పేజీ అంతా ఇస్తున్నాను.

ప్రశ్న: మాది గార మండలంలో ఒక ఊరు. బెంగళూరు కంపెనీలో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తాను. ఇంటి నుంచే చేసుకోమన్నారని రూమ్ ఖాళీ చేసి వచ్చేశాను. ఇంట్లో కూర్చుంటే ఎవరో ఒకరు వస్తూనే ఉంటారు, పని సాగడం లేదు. కళింగపట్నం బీచ్ దగ్గరో, శ్రీకాకుళం టౌన్‌లోనో కేఫ్ చూసుకుని రోజంతా అక్కడే చేసుకుందామని ఉంది. అమ్మేమో "మనింట్లో కాఫీ లేదేటి, అంత దూరం ఎల్లి డబ్బులు పొయ్యడం దేనికి" అంటోంది. గోవాలో అందరూ ఇలాగే చేస్తున్నారు కదా, మన దగ్గర కుదరదా?

జవాబు: కుదురుతుంది తమ్ముడూ, కాకపోతే మీరు రాసిన "రోజంతా" అన్న మాట ముందు కొట్టేయండి. వారంలో రెండు మూడు రోజులు, పూటకి మూడు నాలుగు గంటలు కేఫ్‌లో, మిగతాదంతా ఇంట్లో అని పెట్టుకుంటేనే ఇక్కడ నిలబడుతుంది. గోవాలో లాప్‌టాప్ వాళ్ల మీదే బతికే కేఫులు ఉన్నాయి, వాళ్ల కోసమే ప్లగ్గులు, జనరేటర్లు పెట్టుకుంటారు. శ్రీకాకుళంలో కాఫీ షాపు అంటే సాయంత్రం కుటుంబాలతో, కాలేజీ పిల్లలతో నిండే చోటు, కేకులు కోస్తారు, పాటలు పెడతారు. పగలు 11 నుంచి 4 దాకా మాత్రం సగం కుర్చీలు ఖాళీగా ఉంటాయి. మీకు పనికొచ్చేది ఆ ఐదు గంటలే.

అమ్మగారితో కాఫీ గురించి వాదించకండి. మీరు వెళ్తున్నది ఎవరూ పిలవని నాలుగు గంటల కోసమని ఉన్నదున్నట్టు చెప్పండి. మన ఊళ్లలో ఇంట్లో కనిపించే మనిషికి ఖాళీ ఉన్నట్టే లెక్క, అందులో వాళ్ల తప్పేం లేదు, కొడుకు అంత దూరం నుంచి ఇంటికొచ్చాడన్న సంతోషం అది. వీలైతే మేడ మీదో, వీధి గది పక్కనో ఒక తలుపున్న చోటు ఎంచుకుని, తలుపు వేసి ఉంటే డ్యూటీలో ఉన్నట్టు అని ఇంట్లో అందరికీ ఒకసారి చెప్పి చూడండి. సగం సమస్య అక్కడే తీరిపోతుందని నా నమ్మకం.

ఇక అన్నిటికన్నా ముఖ్యం ఇంట్లో లైను. కేఫ్‌లో నెట్ పోయిన రోజు మీరు లేచి వెళ్లాల్సిన చోటు ఇల్లే కాబట్టి ముందు ఖర్చు అక్కడ పెట్టాలి. మీ ఊరికి ఫైబర్ వచ్చిందేమో కేబుల్ అబ్బాయిని అడగండి. లైన్ చూసుకునేటప్పుడు అందరూ డౌన్‌లోడ్ అంకె చూసి మురిసిపోతారు గానీ, మీటింగ్‌లో మీ గొంతు, మీ స్క్రీన్ అవతలివాళ్లకి చేరేది అప్‌లోడ్ మీద. గ్రూప్ వీడియో కాల్ బాగా రావాలంటే అప్‌లోడ్ 3 ఎంబీపీఎస్ దాకా నిలకడగా ఉండాలి. ఒట్టి మాటకైతే 100 కేబీపీఎస్ కూడా అక్కర్లేదు, అందుకే లైన్ నీరసించిందని అనిపించగానే కెమెరా ఆపేస్తే గొంతు తెగకుండా వెళ్తుంది. ఒకసారి పగలు, ఒకసారి రాత్రి 9 గంటలకి ఊరంతా ఫోన్లు పట్టుకుని కూర్చున్నప్పుడు టెస్ట్ చేయండి, అసలు బలం రాత్రే తెలుస్తుంది. ఇళ్లలో పెట్టే రౌటర్లు చాలావరకు 12 వోల్టులవి, వాటికని చిన్న యూపీఎస్‌లు దొరుకుతాయి, కరెంటు పోయినా రెండు మూడు గంటలు లాగుతాయి. లాప్‌టాప్‌కి దాని బ్యాటరీ ఉంది కాబట్టి ఆ చిన్న డబ్బా ఒక్కటి ఉంటే ఇన్వర్టర్ కొనేదాకా ఆగొచ్చు.

ఫోన్ హాట్‌స్పాట్ మీద నెట్టుకొచ్చేద్దామనుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. గంట వీడియో మీటింగ్ 1 జీబీ పైనే తినేస్తుంది. రోజుకి 2 జీబీ ప్యాక్ వేసుకుంటే రెండో మీటింగ్ సగంలో ఉండగానే స్పీడ్ పడిపోతుంది, మేనేజర్ ముందు మీరు బొమ్మలా ఆగిపోతారు. హాట్‌స్పాట్ అత్యవసరానికే ఉంచుకోండి. రెండో సిమ్ వేరే కంపెనీది తీసుకోండి, ఒకటే కంపెనీవి రెండు ఉంటే టవర్ పోయినప్పుడు రెండూ కలిసి పోతాయి.

ఇప్పుడు మీరు అడిగిన బీచ్ సంగతి. కళింగపట్నం అంటే నాకూ ఇష్టమే, వంశధార వచ్చి కలిసే చోటు, పాత లైట్‌హౌస్, పక్కనే శాలిహుండం కొండ. కానీ మనది తూర్పు తీరం. సూర్యుడు సముద్రంలోంచే లేస్తాడు. పొద్దున 8 గంటలకి సముద్రం వైపు తిరిగి కూర్చుంటే ఎండ నేరుగా కళ్లలో పడుతుంది, వెనక్కి తిరిగి కూర్చుంటే స్క్రీన్ మీద పడి మీ ముఖం, మీ వెనక ఆకాశం తప్ప అక్షరం కనపడదు. బ్రైట్‌నెస్ పూర్తిగా పెంచితే బ్యాటరీ గబగబా దిగిపోతుంది. అదే మధ్యాహ్నం 3 దాటాక సూర్యుడు ఊరి వైపుకి తిరుగుతాడు, తూర్పు వరండాల్లో నీడ పడుతుంది, సముద్రపు గాలి కూడా అప్పటికి బాగా వీస్తూ ఉంటుంది. పడమటి తీరంలో తీసిన ఫొటోలు చూసి పొద్దున్నే బయల్దేరితే ఇక్కడ దెబ్బతింటారు. సముద్రం దగ్గర పని చేయాలనుంటే మధ్యాహ్నం భోజనం చేసి వెళ్లండి, అదీ డిసెంబర్ నుంచి ఫిబ్రవరి దాకా. ఏప్రిల్, మే నెలల్లో ఆ ఉక్కలో లాప్‌టాప్‌ని బయట పెట్టకండి. 35 డిగ్రీల దాకానే పని చేసేలా చాలా కంపెనీలు వాటిని తయారు చేస్తాయి, దాటితే ఫ్యాన్ రొద పెట్టి మిషన్ తనంతట తనే నెమ్మదిస్తుంది.

ఉప్పుగాలి గురించి కూడా చెప్పాలి, దీన్ని ఎవరూ పట్టించుకోరు. తీరం పక్క ఇళ్లలో కిటికీ ఊచలు, గేటు మడతబందులు ఎలా తుప్పు పడతాయో మీరు పుట్టినప్పటి నుంచి చూస్తూనే ఉన్నారు. అదే గాలి చార్జర్ పెట్టే రంధ్రంలోకి, ఫ్యాన్‌లోకి వెళ్తుంది. బీచ్ నుంచి రాగానే చేత్తో మూత మీద రాసి చూడండి, సన్నగా జిడ్డులా అంటుతుంది. పొడి మెత్తటి గుడ్డతో తుడిచి, సముద్రం వైపు కిటికీ పక్కన కాకుండా లోపలి గదిలో బీరువాలో పెట్టండి. బ్యాగు ఇసుక మీద మాత్రం ఎప్పుడూ పెట్టకండి, కీబోర్డు కింద ఇసుక రేణువు దూరితే తీయించడానికి మిషన్ అంతా విప్పాలి.

అందుకని నా మాట ఇది: పని టౌన్‌లో చేసుకోండి, బీచ్‌కి పని అయ్యాక వెళ్లండి. ఏడు రోడ్ల జంక్షన్, పాలకొండ రోడ్డు, డే అండ్ నైట్ జంక్షన్ చుట్టుపక్కల తిరిగి ఒక మధ్యాహ్నం రెండు మూడు చోట్లు చూడండి. లోపలికి వెళ్లగానే మెనూ చూడకండి, ప్లగ్గు చూడండి. సోఫా వెనకాల ఎక్కడో ఉండి, చార్జర్ పెడితే జారిపోతూ ఉంటే ఆ చోటు మీకు పనికిరాదు. టేబుల్ ఎత్తు చూడండి, మోకాళ్ల దగ్గరకి వంగి టైప్ చేసే టీపాయ్ మీద గంట దాటితే మెడ పట్టేస్తుంది. కూర్చోబోయే కుర్చీలోనే రెండు సిమ్‌లూ చూడండి, గ్రౌండ్ ఫ్లోర్ ఏసీ గదుల్లో సిగ్నల్ గోడ దగ్గరే చచ్చిపోతుంది. చివరగా యజమానిని నేరుగా అడగండి, "పగలు మూడు గంటలు కూర్చుని పని చేసుకుంటానండి, మీకు ఇబ్బంది లేదు కదా" అని. మొహమాటపడి అడక్కుండా కూర్చుంటే ప్రతిసారీ ఆ చూపులు భరించాలి.

ఇంకొకటి. మీ మీటింగులు అమెరికా వాళ్లతో అయితే న్యూయార్క్‌లో పొద్దున 9 అంటే మనకి వేసవిలో సాయంత్రం 6:30, చలికాలంలో 7:30. కేఫ్ గోలగా ఉండేది సరిగ్గా అప్పుడే. ఆ కాల్స్ ఇంట్లోంచే చేయండి. మీరు బెంగళూరులో ఉంటున్నట్టే కంపెనీ రికార్డుల్లో ఉంటే ఇప్పుడు ఎక్కడ ఉన్నారో హెచ్‌ఆర్‌కి మెయిల్ పెట్టండి. పాత పన్ను విధానంలో ఉండి హెచ్‌ఆర్‌ఏ, అంటే ఇంటి అద్దె భత్యం మీద మినహాయింపు తీసుకుంటుంటే, రూమ్ ఖాళీ చేసిన నెల నుంచి ఆ అద్దె చూపించడం ఆపేయాలి. ఆఫీసుకి రమ్మంటే ఆమదాలవలసలోని శ్రీకాకుళం రోడ్ స్టేషన్‌లో ప్రశాంతి ఎక్స్‌ప్రెస్ ఎక్కొచ్చు, కానీ దాదాపు ఒక రోజు ప్రయాణం, కాబట్టి రమ్మనే ముందు కనీసం వారం గడువు ఇవ్వమని ఇప్పుడే మాట్లాడుకోండి.

ప్రశ్న: నేను శ్రీకాకుళంలో చిన్న కాఫీ షాపు నడుపుతున్నాను. ఈ మధ్య లాప్‌టాప్ కుర్రాళ్లు వస్తున్నారు, సంతోషమే. కానీ ఒక కాఫీ తీసుకుని నాలుగు గంటలు కూర్చుంటారు, చార్జింగ్ పెట్టుకుంటారు, కరెంటు బిల్లు పెరిగిపోతోంది. లెమ్మంటే బాగోదు, ఊరుకుంటే నష్టం. ఏం చేయాలి?

జవాబు: మీ బాధ న్యాయమైనదే, కానీ నష్టం చార్జింగ్ దగ్గర లేదండి. మామూలు లాప్‌టాప్ చార్జర్ 65 వాట్లు. నాలుగు గంటలు ఆపకుండా లాగినా పావు యూనిట్, షాపు రేటు కట్టుకున్నా మూడు రూపాయలు దాటదు. ఒకటిన్నర టన్నుల ఏసీ మాత్రం గట్టిగా తిరిగితే గంటకి ఇంచుమించు ఒకటిన్నర యూనిట్ లాగేస్తుంది, అది వాళ్లు ఉన్నా లేకపోయినా వేసేదే. మీకు అసలు పోయేది కుర్చీ, అదీ సాయంత్రం 5 తర్వాత. నలుగురు కూర్చునే టేబుల్ దగ్గర ఒక్కడు కూర్చుని ఉండగా, తలుపు దాకా వచ్చి జాగా లేదని వెనక్కి వెళ్లిపోయే కుటుంబం మీ నష్టం.

కాబట్టి ప్లగ్గులకి అడ్డంగా టేపు వేయకండి, కొందరు అలా చేస్తున్నారు, చూడ్డానికే బాధగా ఉంటుంది. గోడ వెంబడి ఒక పొడుగు బల్ల వేయించండి, ఒక్కొక్కరే కూర్చునేలా, ప్రతి మనిషికీ ప్లగ్గు ఉండేలా. లాప్‌టాప్ వాళ్లు వాళ్లంతట వాళ్లే అక్కడికి వెళ్తారు, నాలుగు కుర్చీల టేబుళ్లు మీకు మిగులుతాయి. సాయంత్రం 5 నుంచి లాప్‌టాప్‌లు ఆ బల్ల దగ్గర మాత్రమే అని తెలుగులో, పెద్ద అక్షరాలతో బోర్డు పెట్టండి. బోర్డు చెబితే ఎవరికీ కోపం రాదు, మీరు నోటితో చెబితే వస్తుంది.

డబ్బు సంగతికి వస్తే, మీ అద్దె, జీతాలు, కరెంటు కలిపి నెల ఖర్చుని కుర్చీలతో, తెరిచి ఉండే గంటలతో భాగించండి. ఒక కుర్చీ గంటకి మీకు ఎంత తేవాలో తేలుతుంది. ఆ అంకె తెలియకుండా ఊరికే కోపం తెచ్చుకుంటున్నవాళ్లే ఎక్కువ. అది చేతికొచ్చాక, పగలు 11 నుంచి 4 మధ్య కాఫీ, ఏదో ఒక టిఫిను, మూడు గంటల వైఫై కలిపి ఒకే రేటు పెట్టండి. మన కుర్రాళ్లకి శాండ్‌విచ్ కన్నా వేడి పెసరట్టు ఉప్మా పెడితే రెండోసారి వాళ్లే అడుగుతారు. వైఫై పాస్‌వర్డ్ గోడ మీద రాయకుండా బిల్లుతో పాటు ఇవ్వండి, మూడు గంటలు వాడాక అదే ఆగిపోయేలా రౌటర్‌లో పెట్టించొచ్చు.

ఇంకో రెండు జాగ్రత్తలు. మీ బిల్లింగ్ మిషన్, కెమెరాలు ఉన్న లైన్‌లోకి కస్టమర్లని రానివ్వకండి, గెస్ట్ నెట్‌వర్క్ అని వేరే పేరుతో విడిగా తెరిపించండి. వాడేవాళ్ల ఫోన్‌కి ఓటీపీ వచ్చాకే నెట్ తెరుచుకునే పద్ధతి ఉంటే మంచిది, మీ లైన్ మీద ఎవరైనా పిచ్చిపని చేస్తే పోలీసులు ముందు అడిగేది మిమ్మల్నే. 2020 డిసెంబర్‌లో కేంద్రం పీఎం వాణి అని ఒక పథకానికి ఆమోదం ఇచ్చింది, దాని కింద టీకొట్టు అయినా కిరాణా కొట్టు అయినా లైసెన్సు, ఫీజు లేకుండా జనానికి వైఫై అమ్ముకోవచ్చు, లాగిన్ వ్యవహారం యాప్ చూసుకుంటుంది. మీ నెట్ కంపెనీ వాళ్లని దాని గురించి అడగండి.

ఆ కుర్రాళ్లని మాత్రం పోగొట్టుకోకండి. నిన్నటిదాకా బెంగళూరులో, హైదరాబాద్‌లో ఖర్చయిన జీతాలు ఇప్పుడు మన బజార్లోకి వస్తున్నాయి.

ప్రశ్న: విజయనగరం నుంచి రాస్తున్నాను. అమెరికా ఆసుపత్రుల మెడికల్ కోడింగ్ చేస్తాను, అంటే రోగుల రికార్డులు చూసి జబ్బుకి, చికిత్సకి బిల్లు కోసం కోడ్లు వేసే పని, ఇంటి నుంచే. ఇంట్లో చిన్నపిల్లలు, గోల. మయూరి జంక్షన్ వైపు ఒక కేఫ్‌లో కూర్చుంటే ఎలా ఉంటుందని ఆలోచన. అత్తగారు "ఆడపిల్ల ఒక్కర్తీ హోటల్లో కూర్చుంటే నలుగురూ ఏటనుకుంటారు" అంటున్నారు. వీపీఎన్ ఉంది కాబట్టి డేటాకి ఇబ్బంది లేదు కదా?

జవాబు: అమ్మా, రెండు విషయాలూ విడివిడిగా చూద్దాం.

డేటా విషయంలో నా జవాబు గట్టిగానే ఉంటుంది, వద్దు. మీ దగ్గరున్నవి రోగుల వివరాలు. అమెరికాలో 1996 నాటి హిపా చట్టం వాటికి కాపలా, ఆ షరతులు ఒప్పందం ద్వారా మీ కంపెనీకి, అక్కడి నుంచి మీకు వస్తాయి. వీపీఎన్ అంటే నెట్‌లో వెళ్లే సమాచారానికి తాళం లాంటిది, అది కాపాడేది తీగలో వెళ్లే సమాచారాన్ని. మీ వెనక కుర్చీలో కూర్చున్నవాడి కళ్లని అది ఆపదు. స్క్రీన్ మీద అంటించే ప్రైవసీ ఫిల్టర్ పక్కవాళ్లకి నల్లగా కనిపించేలా చేస్తుంది గానీ, సూటిగా వెనక ఉన్నవాళ్లకి అంతా కనపడుతుంది. బాత్రూమ్‌కి వెళ్లే రెండు నిమిషాలు ఆ మిషన్ ఎవరికి అప్పగిస్తారు? మీరు ఉద్యోగంలో చేరినప్పుడు సంతకం పెట్టిన కాగితాలు తీసి చదవండి, బయటి చోట్ల పని చేయకూడదని అందులో ఉండే అవకాశమే ఎక్కువ. ఒక ఫొటో బయటికి పోతే ఉద్యోగం పోతుంది, తర్వాత ఇంకో కంపెనీ తీసుకోవడమూ కష్టమే.

మరి గోల సంగతి? అసలు కోడింగ్ ఇంట్లో, పిల్లలు స్కూల్లో ఉన్న గంటల్లో చేసి, సర్టిఫికేషన్ పరీక్ష చదువు, కొత్త కోడ్ల మార్పులు చూసుకోవడం లాంటి రోగి పేరు లేని పనులు కేఫ్‌కి తీసుకెళ్లండి. చదువుకే అయితే జిల్లా గ్రంథాలయం కూడా ఉంది, ఉద్యోగ పరీక్షలకి చదివే పిల్లలు అక్కడ గంటల తరబడి కూర్చుంటారు. షిఫ్ట్ టైమ్ మార్చమని టీమ్ లీడ్‌ని అడగడంలో తప్పు లేదు. ఆరు గంటలు ప్రశాంతంగా చేసేవాళ్ల పనిలో తప్పులు తక్కువ వస్తాయని వాళ్లకీ తెలుసు.

అత్తగారి మాటకి వస్తే, కేఫ్‌లో ఒక్కరే కూర్చుని పని చేసుకోవడంలో దాచుకోవాల్సింది ఏమీ లేదు. ఒక రోజు ఆవిడనీ తీసుకెళ్లండి, కాఫీ ఇప్పించండి, మీరు కూర్చునే చోటు చూపించండి. చూడని చోటు గురించే భయం ఎక్కువ. వెళ్లేది ఎప్పుడూ ఒకే కేఫ్ అయితే, నాలుగు రోజుల్లో అక్కడి మనుషులకి మీరు తెలిసిపోతారు, అది పెద్ద రక్షణ. వీపు గోడకి ఆనేలా, కౌంటర్ కనిపించేలా కూర్చోండి. పలానా గంటకి వచ్చేస్తానని ఇంట్లో చెప్పి వెళ్లండి, మీ కోసం కన్నా వాళ్ల టెన్షన్ తగ్గడానికి.

ప్రశ్న: మాది ఉద్దానం, వజ్రపుకొత్తూరు దగ్గర. 2018లో తిత్లీ తుపానుకి మాకు రోజుల తరబడి కరెంటు, ఫోన్లు లేవు. ఇప్పుడు ఇంటి నుంచి ఉద్యోగం. అక్టోబర్ వస్తుందంటే గుబులుగా ఉంది. ముందే ఏం చేసుకోవాలి?

జవాబు: మీ గుబులు నిజమైనదే. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్, 2018 అక్టోబర్ 11న తిత్లీ, 2021 సెప్టెంబర్ 26న గులాబ్, అన్నీ ఇంచుమించు ఒకే కాలంలో మన తీరం మీదకే వచ్చాయి. కాబట్టి సెప్టెంబర్ మొదట్లోనే మేనేజర్‌కి ఒక మెయిల్ పెట్టండి: మాది తుపాను ప్రాంతం, ఈ మూడు నెలల్లో ఎప్పుడైనా కొన్ని రోజులు అందుబాటులో లేకుండా పోవచ్చు, అప్పుడు నా పని ఎవరు చూడాలి అని. తుపాను వచ్చాక చెబితే సాకులా వినిపిస్తుంది, ముందే చెబితే ఏర్పాటు అవుతుంది.

వాతావరణ శాఖ తుపాను అలర్ట్ అన్నది తీరంలో ప్రతికూల వాతావరణం మొదలవడానికి కనీసం 48 గంటల ముందు ఇస్తుంది. మీ చేతిలో ఉండే సమయం అదే. ఊరు వదిలి వెళ్లి పని చేయాలనుకుంటే ఆ అలర్ట్ రాగానే బయల్దేరాలి, ఆ తర్వాత రైళ్లు రద్దవడం మొదలవుతుంది. ఎటు వెళ్లాలో తుపాను దారి చూసి తేల్చుకోండి. తిత్లీ మీ పలాస వైపు దాటింది కాబట్టి విశాఖలో ఉన్నవాళ్లు పని చేసుకోగలిగారు, హుద్‌హుద్ సరిగ్గా విశాఖనే కొట్టింది, అప్పుడు అక్కడికి వెళ్లినవాళ్లు మరింత ఇరుక్కుపోయారు. హైదరాబాద్‌లో చుట్టాలు ఉంటే అదే నయం. చేస్తున్న పనంతా కంపెనీ సర్వర్‌లోకి ఎక్కించండి, పవర్ బ్యాంకులు నింపండి, లాప్‌టాప్‌ని గట్టి ప్లాస్టిక్ కవర్లో కట్టి గోడ దగ్గర కాకుండా ఎత్తులో పెట్టండి.

ఇంట్లో ముసలివాళ్లు, పశువులు ఉండి, కొబ్బరి చెట్ల మధ్య ఇల్లు అయితే మాత్రం లాగిన్ కోసం వాళ్లని వదిలి వెళ్లకండి. మూడు రోజులు సెలవు పెట్టి, వాళ్లని తుపాను షెల్టర్‌కి చేర్చి, మీరూ అక్కడే ఉండండి. ఆ సెలవు సంగతి కూడా ఆ సెప్టెంబర్ మెయిల్‌లోనే రాసి పెట్టండి.